యంత్రశాస్త్రంలో స్నాతకోత్తర విద్య: ముందు ప్రశ్న, పిదప పట్టా

ఇంజనీరింగు చివరి సంవత్సరపు విద్యార్థుల నోట ప్రతి ఏటా తప్పక వినిపించే మాట ఒకటి ఉన్నది: "ఎం.టెక్.కు ఎక్కడ సీటు వస్తుంది?" ఎక్కడ అన్నది తెలుసుకొనదగిన విషయమే. కాని ఏమి చదవాలి, ఎందుకు చదవాలి, రెండేండ్లు గడిచిన పిదప మన చేతిలో ఏమి మిగలాలి అని అడిగేవారు అరుదు. ప్రయాణానికి టిక్కెట్టు కొనేవాడు ముందుగా ఊరి పేరు చెప్పుతాడు. ఉన్నత విద్య విషయంలో మాత్రం మన యువకులు రైలు ఎక్కిన తరువాత ఊరి పేరు ఆలోచిస్తున్నారు.

ఈ విషయమై మా అభిప్రాయం సూటిగా మనవి చేస్తున్నాము. మెకానికల్ ఇంజనీరింగులో స్నాతకోత్తర విద్యకు ప్రణాళికను చివరి నుండి మొదటికి వేసుకొనవలెను. రెండవ సంవత్సరంలో వ్రాయబోయే సిద్ధాంత వ్యాసం ఏ ప్రశ్నకు సమాధానం వెదకుతుందో ముందుగా, స్థూలంగానైనా, నిర్ణయించుకొనవలెను. ఆ ప్రశ్నకు ఏ పాఠ్యాంశాలు అవసరమో, ఆ పాఠ్యాంశాలకు ఏ గణితం పునాదియో, ఆ గణితాన్ని ఎప్పుడు నేర్వవలెనో వెనుకకు లెక్కించుకొంటూ రావలెను. ఊరు, విశ్వవిద్యాలయం, శాఖ పేరు అన్నవి ఈ లెక్క తేలిన పిదప చూడవలసిన అంశాలు.

ఈ మాటను ఇప్పుడు ప్రత్యేకించి చెప్పవలసిన అవసరం కలదు. కంప్యూటరు శాఖల వైపు సాగుతున్న ప్రవాహంలో మెకానికల్ శాఖ వెలవెలబోతున్నది. అనేక కళాశాలలలో ఆ సీట్లు పూర్తిగా నిండడం లేదు. మెకానికల్ చదివినవారిలోనూ చాలమంది పట్టా చేతికి రాగానే ఆ శాస్త్రానికి నమస్కరించి వేరొక వృత్తికి వెళ్ళిపోతున్నారు. ఎవరి బ్రతుకుతెరువు వారిది. దానిని మేము తప్పుపట్టడం లేదు. కాని యంత్రాలతో ఇక పని లేదన్న భావన మాత్రం సత్యదూరం. హైదరాబాదు నగరమే దీనికి సాక్ష్యం. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ ఇక్కడ వెలసినవి. అవి నేడు ఆ రూపంలో లేకపోయినా, వాటి నీడలో పెరిగిన పనితనం నశించలేదు. బాలానగర్‌లో 1968లో స్థాపితమైన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ నేటికీ పనిముట్ల రూపకల్పనలో శిక్షణ ఇస్తున్నది. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ యంత్రాల కర్మాగారం, కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనాలయాలు ఉన్నవి. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ఎగసిన విక్రమ్-ఎస్ రాకెట్టు, భారతదేశంలో ప్రయివేటు సంస్థ నిర్మించి ప్రయోగించిన మొదటి రాకెట్టు. దానిని నిర్మించిన స్కైరూట్ సంస్థ హైదరాబాదుదే. ఈ పనులన్నింటికీ యంత్రశాస్త్రాన్ని లోతుగా ఎరిగినవారు కావలెను. ఆ లోతు నాలుగేండ్ల బి.టెక్.తో సాధారణంగా సమకూడదు.

ఎందుకు సమకూడదు? బి.టెక్. పాఠ్యప్రణాళిక విశాలమైనది. లోహాలు, ఉష్ణగతిశాస్త్రం, ప్రవాహాలు, యంత్రాల చలనం, తయారీ పద్ధతులు అన్నింటినీ అది పరిచయం చేస్తుంది. పరిచయం వేరు, సాన్నిహిత్యం వేరు. బి.టెక్. విద్యార్థికి ఇచ్చే లెక్కకు సమాధానం పుస్తకం చివరి పుటలలో ఉంటుంది. ఎం.టెక్. విద్యార్థి ఎన్నుకొనే సమస్యకు సమాధానం ఏ పుస్తకంలోనూ ఉండదు; ఉంటే అది సిద్ధాంత వ్యాసానికి తగిన సమస్య కాదు. నాలుగు సెమిస్టర్ల ఈ విద్యలో మొదటి రెండు తరగతి పాఠాలకు, తరువాతి రెండు ప్రధానంగా సిద్ధాంత వ్యాసానికి వినియోగమవుతాయి. కాలంలో సగం ఒక్క ప్రశ్నకు అర్పితమైన విద్యలోకి ప్రశ్న లేకుండా ప్రవేశించడం, విత్తనాలు లేకుండా కౌలుకు పొలం తీసుకొనడం వంటిది.

ఇక శాఖల సంగతి. పేర్లు ఎన్ని ఉన్నా మెకానికల్ ఇంజనీరింగు స్నాతకోత్తర విద్య స్థూలంగా మూడు పాయలు. యంత్రభాగం ఎందుకు విరుగుతుంది, ఎందుకు కంపిస్తుంది, దానిని ఎట్లా రూపొందించాలి అని విచారించేది డిజైన్ శాఖ. ఉష్ణం ఎట్లా ప్రవహిస్తుంది, ఇంధనం నుండి శక్తిని ఎట్లా రాబట్టాలి, చల్లదనాన్ని ఎట్లా సృష్టించాలి అని పరిశీలించేది థర్మల్ శాఖ. లోహాన్ని కోయడం, పోతపోయడం, అతకడం, నేడు పొరలు పొరలుగా పేర్చి వస్తువును చేయడం అన్నవి తయారీ శాఖ పరిధి. ఈ మూటి కలయికల నుండి కాలానుగుణంగా కొత్త పేర్లు పుట్టుకొస్తున్నవి. ఆకర్షణీయమైన పేరును చూచి మోసపోవద్దని మా హితవు. పేరును పక్కన పెట్టి, మొదటి రెండు సెమిస్టర్లలో ఏ పాఠాలు చెప్పుతారో, ఎవరు చెప్పుతారో, ఏ ప్రయోగశాల నిజంగా పనిచేస్తున్నదో విచారించండి. పేరు ఇరవై సంవత్సరాలకు పాతబడుతుంది. ఉష్ణప్రసార సమీకరణం ఫోరియర్ కాలం నుండి పాతబడలేదు.

చివరి నుండి మొదటికి ప్రణాళిక వేయడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో వివరిస్తాము. మన విద్యార్థుల కుటుంబాలకు ఎయిర్ కండిషనర్ల మరమ్మతు కొత్త విషయం కాదు. ఎందరి అన్నలో, మామలో, చిన్నాన్నలో ఈ పనిమీదనే గల్ఫు దేశాలకు వెళ్ళినారు. ఆ యంత్రాలలో తిరిగే శీతలీకరణ వాయువుల విషయంలో ప్రపంచం పెద్ద మార్పు మధ్యలో ఉన్నది. ఓజోన్ పొరకు హానిచేసే వాయువులను తొలగించుటకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. వాటి స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ను చెరచవు గాని భూగోళాన్ని వేడెక్కిస్తాయి. కనుక 2016లో కిగాలి సవరణ వచ్చింది; భారతదేశం 2021లో దానిని ధ్రువీకరించింది. ఆ ప్రకారం మన దేశం ఈ వాయువుల వినియోగాన్ని 2032 నుండి అంచెలంచెలుగా తగ్గించి, 2047 నాటికి 85 శాతం తగ్గింపును సాధించవలసి ఉన్నది. నేడు ఇరవై సంవత్సరాల వయస్సున్న విద్యార్థి ఉద్యోగ జీవితమంతా ఈ మార్పులోనే గడుస్తుంది.

ప్రత్యామ్నాయాలలో ప్రొపేన్ ఒకటి. భూతాపం విషయంలో దాని ప్రభావం స్వల్పం. చల్లబరచే గుణం మంచిదే. కాని అది మండే వాయువు. అందుచేత గదిలో ఉంచే యంత్రంలో దానిని పరిమితంగానే వాడవలెను. ఇప్పుడు ఒక విద్యార్థి ఈ ప్రశ్న వేసుకొన్నాడనుకొందాము: బయట 45 డిగ్రీల ఎండ కాయుచున్నప్పుడు, ప్రొపేన్ పరిమాణం పెంచకుండా, గదికి కావలసిన చల్లదనాన్ని ఎట్లా సాధించవచ్చు? ఈ ప్రశ్న ఒక్కటి స్థిరపడితే మిగిలిన ప్రణాళిక తనంతట తానే విప్పుకొంటుంది. గొట్టాలలో ద్రవం ఆవిరిగా, ఆవిరి ద్రవంగా మారే విధానం తెలియవలెను; కనుక ఉన్నత ఉష్ణప్రసారం, ద్విదశా ప్రవాహాలు చదువవలెను. యంత్రం మొత్తం పనితీరును లెక్కగట్టవలెను. కనుక ఉన్నత ఉష్ణగతిశాస్త్రం, శీతలీకరణం చదువవలెను. ఉష్ణోగ్రతలను, పీడనాలను నమ్మదగినట్లు కొలువవలెను. కనుక కొలత పరికరాల శాస్త్రం, కొలతలలో దొర్లే దోషాలను అంచనా వేసే సాంఖ్యక శాస్త్రం కావలెను. వీటికి పునాదిగా పాక్షిక అవకలన సమీకరణాలు, వాటిని అంకెలతో సాధించే పద్ధతులు రావలెను. చివరగా రాగి గొట్టాన్ని లీకు లేకుండా అతకడం, యంత్రం నుండి గాలిని పూర్తిగా తీసివేసి వాయువును తూచి నింపడం చేతికి రావలెను. ఈ చివరి విద్యను విశ్వవిద్యాలయంలోని ఆచార్యుని కంటె ఇంటిలోని మామగారే బాగుగా నేర్పగలరు. మన ఇండ్లలో ఉన్న ఈ పనితనం ఉన్నత విద్యకు ఆటంకం కాదు. అది మన పెట్టుబడి.

ఇట్లే డిజైన్ శాఖకు ఆటో ఇరుసు విరగడం నుండి, తయారీ శాఖకు లేతు మీద పనిముట్టు మొన అరిగిపోవడం నుండి ప్రశ్నలు లభిస్తాయి. చిన్న ప్రశ్న అని సంకోచింపనక్కరలేదు. 1954 జనవరిలోను, ఏప్రిల్‌లోను రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా సముద్రంలో కూలిపోయినవి. ఇంగ్లండులోని ఫార్న్‌బరో పరిశోధకులు విమానపు క్యాబిన్‌ను నీటి తొట్టెలో ఉంచి, పదే పదే పీడనాన్ని పెంచి తగ్గించి పరీక్షించగా, లోహపు అలసట వలన అమరికల మూలల నుండి పగుళ్ళు పుట్టి వ్యాపించినట్లు తేలింది. పలక మీద చిన్న రంధ్రం ఉంటే దాని అంచున ప్రతిబలం మూడు రెట్లకు పెరుగుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే గణితంతో నిరూపించినాడు. చిన్న రంధ్రం గురించిన ప్రశ్నలో ఎందరి ప్రాణాలో ఇమిడి ఉన్నవి.

గణితం ప్రసక్తి వచ్చినది కనుక ఆ విషయమై మరికొంత చెప్పవలసి ఉన్నది. మన విద్యార్థులు మొదటి సంవత్సరపు గణితంలో ఉత్తీర్ణులై, ఆ పుస్తకాలను తమ్ములకు అప్పగించి, ఊపిరి పీల్చుకొంటారు. స్నాతకోత్తర విద్యలో తడబడేవారిలో చాలమందికి తడబాటు ఇక్కడనే మొదలవుతుంది. బలశాస్త్ర గ్రంథాలతో మన గ్రంథాలయాలలో సుపరిచితుడైన టిమొషెంకో, 1922లో అమెరికా చేరి, మరుసటి సంవత్సరం పిట్స్‌బర్గులోని వెస్టింగ్‌హౌస్ కర్మాగారంలో చేరినాడు. అక్కడి యువ ఇంజనీర్లకు గణితంలో, యాంత్రికశాస్త్రంలో తగిన పునాది లేదని గమనించి వారికి పాఠాలు చెప్పినాడు. అదే కర్మాగారంలో పనిచేసిన డెన్ హార్టోగ్ చదివినది విద్యుత్ ఇంజనీరింగు. ఉద్యోగం చేస్తూనే పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయంలో చదివి 1929లో గణితశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1934లో యాంత్రిక కంపనాలపై వెలువరించిన గ్రంథం నేటికీ పఠనీయమే. ఉద్యోగం మానుకొనే స్థితి లేని మన విద్యార్థులు ఈ రెండవ ఉదాహరణను ప్రత్యేకించి గుర్తుంచుకొనవలెను.

"లెక్కలన్నీ కంప్యూటరే చేస్తున్నది గదా!" అని కొందరు వాదించవచ్చు. నిజమే. 1960లో క్లఫ్ ఆచార్యుడు ఫైనైట్ ఎలిమెంట్ అని పేరుపెట్టిన పద్ధతి నేడు ప్రతి డిజైన్ కార్యాలయంలోను ఉన్నది. అది యంత్రభాగాన్ని చిన్న ముక్కలుగా విభజించి, ప్రతిబలాలను రంగురంగుల చిత్రంగా చూపుతుంది. కాని హద్దుల వద్ద బిగింపును తప్పుగా తెలిపినా అది అంతే అందమైన చిత్రాన్ని చూపుతుంది! ఒక కొన బిగించిన కడ్డీకి రెండవ కొనన బరువు వేలాడదీసినప్పుడు, కడ్డీ పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు కావలెనని తెలిసిన విద్యార్థి కంప్యూటరు చెప్పినది సరియో కాదో పట్టుకొంటాడు. తెలియనివాడు రంగులు చూచి సంతోషిస్తాడు. మొదటివానికి కంప్యూటరు సేవకుడు, రెండవవానికి యజమాని.

ఇప్పుడు ప్రవేశ పరీక్షలు, ఖర్చుల విషయం. గేట్ పరీక్ష మూడు గంటలది. 65 ప్రశ్నలు, 100 మార్కులు. మెకానికల్ పత్రంలో సాధారణ సామర్థ్యానికి 15, ఇంజనీరింగు గణితానికి 13, మిగిలిన 72 శాఖ విషయాలకు కేటాయింపు. గణితం, సాధారణ సామర్థ్యం కలిసి 28 మార్కులు; నాలుగవ వంతుకు మించిన ఈ భాగాన్ని మన విద్యార్థులు చివరి వారానికి వదలివేయుట శోచనీయం. మూడవ సంవత్సరంలోనే ఈ పరీక్ష వ్రాయుటకు అనుమతి ఉన్నది; ఫలితం మూడు సంవత్సరాలు చెల్లుతుంది. కనుక మూడవ సంవత్సరంలో ఒకసారి వ్రాసి తన బలహీనతను తెలుసుకొని, నాలుగవ సంవత్సరంలో మరల వ్రాయుట వివేకం. రాష్ట్ర స్థాయిలో పి.జి.ఇ.సెట్ వేరుగా ఉన్నది.

గేట్ అర్హతతో పూర్తికాలపు ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం లభిస్తుంది. 24 నెలలకు అది 2,97,600 రూపాయలు. కలవారి ఇంటికి ఇది చేతి ఖర్చు కావచ్చు. తండ్రి దర్జీ పనితోనో, తోపుడు బండితోనో సంసారం ఈడ్చే ఇంటిలో, పెద్దకుమారుడు ఇంకా రెండేండ్లు చదువవచ్చునా, వలదా అన్నది ఈ సొమ్ము మీదనే ఆధారపడి ఉంటుంది. గేట్ కోసం శ్రమించడం కీర్తి కోసమే కాదు, ఇంటి పొయ్యి కోసం కూడ. ఉపకార వేతనం లేని సీటులో అప్పు చేసి చేరుటకు ముందు పదిమార్లు ఆలోచించవలసినదిగా మేము హెచ్చరిస్తున్నాము.

విదేశీ విద్య గురించి కూడ ఇదే సూత్రం. అమెరికాలో ఎం.ఎస్. పట్టాకు సాధారణంగా 30 క్రెడిట్ల పరిమితి. సిద్ధాంత వ్యాసంతో ఒక మార్గం, అది లేకుండా పాఠాలతోనే ముగించే మార్గం ఒకటి ఉంటాయి. పరిశోధన సహాయకునిగా వేతనం దొరకే అవకాశం మొదటి మార్గంలోనే ఎక్కువ. అంటే ప్రశ్న ఉన్నవానికే ఆర్థికంగా కూడ ఊతం. జర్మనీలో నాలుగు సెమిస్టర్ల విద్యకు 120 క్రెడిట్లు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలవాటిలో బోధనా రుసుము లేదు గాని కొన్ని చోట్ల విదేశీయుల నుండి వసూలు చేస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యా పథకాన్ని ప్రారంభించింది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలకు మించనివారికి 20 లక్షల రూపాయల వరకు సహాయం ఇచ్చుటకు అందులో వీలున్నది. మరొకవైపు, పరిశోధక విద్యార్థులకు ఊతమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను, విదేశీ విద్యా ఋణాలపై వడ్డీ భరించిన పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి నిలిపివేసింది. పథకాలు వస్తుంటాయి, పోతుంటాయి. వాటిని వినియోగించుకొనవలసినదే, కాని వాటి మీదనే భవిష్యత్తును కట్టుకొనరాదు. ఏ యేటి నిబంధనలను ఆ యేడు స్వయంగా చదువుకొనవలెను. ఏజెంటు మాట మీద ఇంటి కాగితాలు తాకట్టు పెట్టవద్దు.

మన విద్యార్థులను వెనుకకు లాగే మరొక భయం ఆంగ్ల భాష. ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి వచ్చినవారు తరగతిలో నోరు విప్పుటకు జంకుతున్నారు. వారికి చరిత్రను గుర్తుచేయుట మా కర్తవ్యం. 1917లో హైదరాబాదులో అనువాద శాఖ దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా వెలసింది. 1929లో అక్కడ ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైనది. యంత్రశాస్త్రం మన భాషలో ఇమడదన్న వాదానికి ఈ గడ్డ మీదనే సమాధానం లభించినది. తెలుగులో ఉన్నత విద్యా గ్రంథాల కొరకు 1968లో తెలుగు అకాడమి స్థాపితమైనది. సిద్ధాంత వ్యాసాన్ని నేడు ఆంగ్లంలోనే వ్రాయవలెను; అది కాదనలేని సత్యం. కాని ఆలోచన మాతృభాషలో సాగితే దోషమేమి? ప్రతిబలం అంటే ఏమిటో ఇంటిలో తమ్మునికి తెలుగులోనో ఉర్దూలోనో విడమరచి చెప్పగలిగినవానికే ఆ విషయం నిజంగా అర్థమైనట్లు. అర్థమైన విషయాన్ని ఆంగ్లంలో పెట్టుట ఆరు మాసాల సాధన. అర్థం కానిదానిని ఎంత చక్కని ఆంగ్లంలో పెట్టినా ప్రయోజనం లేదు.

వ్రాయడం గురించి ఒక్క ఉదాహరణ. అల్-జజరీ అనే యంత్ర నిర్మాత 1206లో పూర్తిచేసిన అరబ్బీ గ్రంథంలో ఏబది యంత్రాల వర్ణన ఉన్నది. నీటి గడియారాలు, నీటిని పైకెత్తే యంత్రాలు మొదలైన వాటి భాగాలను, కూర్పును చిత్రాలతో సహా ఆయన వివరించినాడు. తరువాతి పనివాడు దానిని చూచి మరల నిర్మించుకొనగలుగుటయే ఆ గ్రంథపు గొప్పతనం. ఎం.టెక్. సిద్ధాంత వ్యాసానికి ఇంతకంటె ఉత్తమమైన ప్రమాణం మాకు కనుపించుట లేదు. పూర్వుల కీర్తిని సభలలో ఉగ్గడించుట సులభం. వారి వలె కొలిచి, గీచి, చేసి, వ్రాయుట కష్టం. ఆ కష్టానికి పూనుకొనుటయే వారికి నిజమైన గౌరవం.

ఆలోచనా పరిధి ఇరుకు కానక్కరలేదనుటకు సతీశ్ ధవన్ జీవితం నిదర్శనం. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆయన గణిత భౌతిక శాస్త్రాలు, ఆంగ్ల సాహిత్యం, మెకానికల్ ఇంజనీరింగు మూడింటిలోను పట్టాలు పొందినాడు. పిదప అమెరికాలో వైమానిక శాస్త్రం చదివి 1951లో డాక్టరేటు గైకొన్నాడు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థను 1972 నుండి 1984 వరకు నడిపినాడు. మెకానికల్ పట్టా ఒక గది కాదు, అనేక గదులకు తెరచుకొనే వసారా అని ఈ జీవితం తెలుపుతున్నది.

ఈ సందర్భంలో మన విద్యార్థినుల మాట విస్మరించరాదు. మెకానికల్ శాఖ మగవారిదన్న అపోహతో వారిని దూరంగా ఉంచుతున్నారు. ఉష్ణప్రసారాన్ని లెక్కగట్టుటకు, కంపనాన్ని కొలుచుటకు కండబలంతో పని లేదు. వర్క్‌షాపులో భద్రత, రాకపోకలకు సౌకర్యం, ఇంటివారికి నచ్చజెప్పే ఒక అధ్యాపకురాలు ఉంటే ఈ శాఖలో వారు వెనుకబడుటకు కారణమే లేదు.

"ముందు ఉద్యోగం, తరువాత చదువు" అనే పెద్దల మాటను మేము త్రోసిపుచ్చడం లేదు. ప్రశ్న లేనివాడు రెండేండ్లు కర్మాగారంలో పనిచేయుటయే మేలు. అక్కడ ప్రశ్నలు కోకొల్లలుగా దొరుకుతాయి. ఉద్యోగం రాలేదు కనుక ఎం.టెక్. అన్న ధోరణిని మాత్రం మేము ఖండిస్తున్నాము. నిరుద్యోగాన్ని రెండేండ్లు వాయిదా వేయుటకు ఎం.టెక్. వేచియుండు గది కాదు.

విద్యార్థులకు ఇంత చెప్పి కళాశాల యాజమాన్య సంఘానికి ఏమియు విన్నవించకపోవుట న్యాయం కాదు. అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ప్రసాదించినది. సంస్థను నిలుపుకొనుటతో ఆ హక్కు సార్థకం కాదు. అందులో చదివినవారు ఎంత దూరం వెళ్ళినారన్న దానితో సార్థకమవుతుంది. కనుక నాలుగు విన్నపాలు. మొదటిది, రెండవ సంవత్సరం నుండియే ఆసక్తి గల విద్యార్థులకు వారానికి ఒక సాయంత్రం ఇంజనీరింగు గణిత తరగతి నడుపవలెను. రెండవది, వర్క్‌షాపును సాయంకాలం రెండు గంటలు తెరచి ఉంచవలెను. తాళం వేసిన లేతు తుప్పు పట్టదేమో గాని విద్యార్థి బుద్ధి తుప్పు పడుతుంది. మూడవది, చివరి సంవత్సరపు ప్రాజెక్టులను బజారులో కొనితెచ్చే దురలవాటును మాన్పించి, పరిసరాలలోని చిన్న కార్ఖానాల నిజమైన సమస్యలనే ప్రాజెక్టులుగా ఇప్పించవలెను; ఎం.టెక్. ప్రశ్నకు మొలక అక్కడనే వేస్తుంది. నాలుగవది, దరఖాస్తు రుసుములకు, కొత్త ఊరిలో మొదటి రెండు నెలల బసకు సరిపడే వడ్డీలేని ఋణనిధి, మన పెద్దలు ఖర్జె హసనా అని పిలిచే సదాచారం ప్రకారం, ఏర్పాటు చేయవలెను. ఉపకార వేతనం మొదటి నెలలోనే చేతికి రాదు. ఆ కొద్ది మొత్తం లేక సీటు వదలుకొనే పరిస్థితి ఏ ఒక్క విద్యార్థికీ రాకూడదు. ఇవి లక్షలతో కూడిన కోరికలు కావు. సంకల్పంతో కూడినవి.

విద్యార్థి మిత్రులారా! రెండవ సంవత్సరంలో గణితాన్ని వదలవద్దు. మూడవ సంవత్సరంలో ఒక కార్ఖానా గడప తొక్కి, అక్కడ తరచుగా చెడిపోయే వస్తువేదో, ఎందుకు చెడిపోతున్నదో అడిగి వ్రాసికొనండి. నాలుగవ సంవత్సరంలో ఆ విషయమై ఇతరులు చేసిన పరిశోధనలను నాలుగైనా చదవండి. ఎవరు, ఏ విశ్వవిద్యాలయంలో చేస్తున్నారో గుర్తించి అక్కడికి దరఖాస్తు పంపండి. ఎం.టెక్. మొదటి సెమిస్టరులోనే మార్గదర్శక ఆచార్యుని కలిసి మీ ప్రశ్నను ముందుంచండి. ఆయన దానిని సరిదిద్దవచ్చు, మార్చవచ్చు, మరింత మంచిదానిని ఇవ్వవచ్చు. వట్టి చేతులతో వెళ్ళినవానికి మిగిలిపోయిన పని దొరుకుతుంది. ప్రశ్నతో వెళ్ళినవానికి గురువు దొరుకుతాడు.